లావు, క్రొవ్వు, నింద : స్థూలకాయులపై సంఘపు తీర్పును గూర్చిన పరిశీలనము

తెలుగున ‘లావు’ అను మాటకు కావ్యభాషలో ముఖ్యార్థము బలము. పోతన భాగవతమున మొసలితో పోరి అలసిన గజేంద్రుడు తనలో లావు లేదని మొఱపెట్టుకొన్నపుడు తాను చిక్కిపోయితినని చెప్పుకొనుట లేదు. శక్తి ఉడిగినదని చెప్పుకొనుచున్నాడు. బ్రౌనుదొర 1852లో ప్రకటించిన నిఘంటువున బలము, స్థూలత అను రెండర్థములును ఈ పదమునకు ప్రక్కప్రక్కనే కలవు. నేడు ఆ పద్యమును బోధించు ఉపాధ్యాయుడు ముందుగ ఈ మాటను వివరింపవలెను. వివరింపనిచో తరగతి నవ్వును. ఆ నవ్వు ఎచ్చటినుండి వచ్చినది, అది ఎప్పుడు తీర్పుగ మారినది అను విషయమును పరిశీలించుటకే మేమీ వ్యాసమును వ్రాయ బూనితిమి.

స్థూలకాయులను సంఘము చూచు చూపును మధ్యయుగాంతమున ఐరోపాలో జరిగిన మంత్రగత్తెల వేటతో పోల్చుట ఇటీవల కొందరికి పరిపాటి అయినది. ఆ ఖండమున మూడు శతాబ్దులకు పైగా సాగిన ఆ వేటలో ఇంచుమించు నలువది వేలనుండి అరువది వేలమంది వరకు మరణశిక్షల పాలైరని చరిత్రకారుల అంచనా. అట్టి ఘోరముతో ఒక పరిహాసమును పోల్చుట అతిశయోక్తి కాదా యని చదువరులకు తోపవచ్చును. మాకును తోచినది. మన తెలంగాణమున బాణామతి పేర, చేతబడి పేర నిజముగనే మనుష్యులను కొట్టి, పండ్లూడదీసి, చంపిన చరిత్ర కలదు గనుక ఈ పోలికను మనము మరింత జాగ్రత్తగ వాడవలసియున్నది. కాని జాగ్రత్తగ వాడినచో ఇది పనికివచ్చు పోలికయే. ఫలితములలో ఈ రెంటికిని సామ్యము స్వల్పము. తీర్పు జరుగు విధానములో మాత్రము మిక్కుటము. పరిశీలనకు మేము హైదరాబాదు పడమటి అంచున గల ఖాజాగూడను దృష్టాంతముగ గైకొంటిమి. ఏల గైకొంటిమో ముందు తెలియగలదు.

మొదట మాటలను చూతము. మన భాషలో దేహపుష్టిని తెలుపు పదములు రెండు త్రోవలుగ నడచినవి. ఒక త్రోవ బలము, గౌరవము, శుభము. లావు ఇట్టిది. దొడ్డ అనునది ఇట్టిది. దొడ్డ మనసు, దొడ్డ ప్రభువు అనుటలో పరిమాణమే ఔదార్యమైనది. ‘ఒళ్లు చేయుట’ అను జాతీయము చూడుడు: దేహము వృద్ధినొందుటను ఒక పనిగ, ఇంచుమించు ఒక సంపాదనగ, ఈ భాష చెప్పినది. చాలనాళ్లకు కనబడిన చుట్టమును ఒళ్లు చేసితివనుట సంతోషవాక్యము, చిక్కిపోతివనుట పరామర్శ. ప్రబంధనాయిక గజగమన. ఏనుగుతో పోల్చుట స్తోత్రమై చెల్లిన కాలము మనకు దీర్ఘకాలము కలదు. అయితే ఆ నాయికకు నడుము మాత్రము ఉండరాదు. ఆ లోపమును కవులు వందల పద్యములలో కీర్తించిరి. కనుక ప్రాచీనులు స్త్రీ దేహమునకు కొలతలు పెట్టలేదని ఎవ్వరును వాదింపరాదు.

రెండవ త్రోవ క్రొవ్వు. ఈ మాటకు మేదస్సు ఒక అర్థము, గర్వము మరియొక అర్థము. క్రియగ వాడినపుడు మదించుట అనియే ప్రాచుర్యము. ‘ఒళ్లు కొవ్వెక్కినది’ అని నేడు వ్యవహారమున తిట్టినపుడు తిట్టువాడు ఎదుటివాని బరువును గూర్చి ఆలోచించుటయే లేదు. బలియుట, బలుపు అనునవియు ఇట్లే బలమునుండి పొగరునకు జారినవి. 2013లో వచ్చిన ఒక చలనచిత్రమునకు ‘బలుపు’ అని పేరు పెట్టినపుడు ప్రేక్షకులలో ఒక్కరును అది పుష్టికి పర్యాయపదమని భ్రమింపలేదు. దేహమునందలి ఒక ధాతువు పేరే నైతికదోషమునకు పేరగుట సామాన్యవిషయము కాదు. నేరారోపణ భాషలోనే సిద్ధముగ నున్నది. ఎవరిపై మోపవలెనన్నది మాత్రమే కాలము నిర్ణయించినది.

ఈ నింద పుట్టుక ఎట్టిదో మా ఊహను చెప్పెదము. తెలుగుదేశము కరువుల దేశము. 1832-33లో గుంటూరు ప్రాంతమును పాడుచేసిన కరువును జనులు నందన కరువనిరి, డొక్కల కరువనియు అనిరి. 1876-78 నాటి ధాత కరువును వృద్ధులు గత శతాబ్దము దాక తలచుకొనుచుండిరి. డొక్కలు బయటపడిన దేహము ఒక కాలమునకే పేరైన దేశములో నిండుదేహము రెండు విధములుగ కనబడును. తన ఇంటి బిడ్డయందు అది దైవానుగ్రహము. పనిచేయక తిను కామందునందు, వడ్డీవ్యాపారియందు, అది ఇతరుల కంచమునుండి తీసికొన్న ముద్ద. క్రొవ్వెక్కినవాడను తిట్టు క్రిందినుండి పైకి, ఆకొన్నవాడు తిన్నవానిపై విసరిన తిట్టు అని మా అభిప్రాయము. అప్పటికి అందులో కొంత న్యాయము కలదు. ఆ న్యాయము తొలగిపోయిన తరువాత కూడ తిట్టు నిలిచియుండుటయే మన కథ.

అయినను పూర్వసమాజము ఈ నిందకు ఒక విరుగుడును కూడ నేర్చియుండెను. అది దిష్టి. బొద్దుగ నున్న బిడ్డను చూచి ఎవరైన లావైనాడనినచో తల్లి ఉప్పు, ఎండుమిరపకాయలు త్రిప్పి నిప్పులలో వేయును. దీనిని మూఢవిశ్వాసమని కొట్టివేయుటకు ముందు దానిలోని న్యాయమును గమనింపవలెను. దిష్టి సిద్ధాంతమున దోషము చూచువాని కంటియందున్నది; చూడబడిన దేహమునందు లేదు. చికిత్స చూడబడినవానికి రక్షణగ జరుగును.

ఇదే న్యాయము మరింత స్పష్టముగ మన వినాయకచవితి వ్రతకథలో కలదు. ఏటేట ప్రతి ఇంటను అక్షతలు చేతబట్టుకొని వినుచున్న ఆ కథను మేము కొంత విస్తరించి స్మరింపవలసియున్నది. గణాధిపత్యము పొందిన విఘ్నేశ్వరుడు భక్తులిచ్చిన కుడుములు, ఉండ్రాళ్లు కడుపార భుజించి కైలాసమునకు వచ్చి తల్లిదండ్రులకు మ్రొక్కబోయినాడు. కడుపు నేలకానిన చేతులానవు, చేతులానిన కడుపానదు. శివుని శిరముననున్న చంద్రుడది చూచి వికటముగ నవ్వినాడు. ఆ చూపు సోకి విఘ్నేశ్వరుని ఉదరము పగిలి అతడు మృతుడైనాడు. పార్వతి చంద్రుని శపించినది: నిన్ను చూచినవారు నీలాపనిందల పాలగుదురు గాక యని. ఆ సమయముననే సప్తర్షుల భార్యలు చంద్రుని చూచుటచే, అగ్నికొఱకు స్వాహాదేవి వారి రూపములు ధరించిన కారణమున, చేయని తప్పునకు భర్తలచే విడువబడిరి. బ్రహ్మ వచ్చి విఘ్నేశ్వరుని బ్రదికించి, ఋషులకు నిజము తెలిపి, శాపమును ఆ ఒక్క దినమునకు పరిమితము చేయించెను. పిదప ద్వాపరమున శ్రీకృష్ణుడంతటివాడు పాలలో చంద్రబింబమును చూచి శమంతకమణిని అపహరించినాడని, ప్రసేనుని చంపినాడని అపవాదు పొంది, అడవులు తిరిగి జాంబవంతుని గుహ జొచ్చి తన నిర్దోషిత్వమును తానే నిరూపించుకొనవలసి వచ్చెను.

పురాణపండితులు ఈ కథను శమంతకోపాఖ్యానమునకు పీఠికగ చూచుచున్నారు. మేము మరియొక విధముగ చూచుచున్నాము. బొజ్జను చూచి నవ్వుటకును, నేరము లేనివానిపై నేరము మోపుటకును ఈ కథ బంధుత్వము కల్పించినది. నవ్వినవానికి విధించిన శిక్ష కూడ అపూర్వమైనది. ఇక మీద వానిని చూచుటయే ప్రమాదము. చూపు చంపునని, దానికి వెనుక నింద వచ్చునని చెప్పిన కథకుడు సంఘముయొక్క నడవడిని బాగుగ ఎఱిగినవాడు. ఋషిపత్నుల ప్రసక్తిలో వేట మొదట ఎవరిమీదికి పోవునో కూడ అతడు చెప్పనే చెప్పినాడు.

వైద్యశాస్త్రము మాట ఏమి? చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయము పేరు అష్టౌనిందితీయము. శరీరమును పురస్కరించుకొని లోకమున నిందింపబడువారు ఎనమండుగురని చరకుడు లెక్కించినాడు: మిక్కిలి పొడవైనవాడు, మిక్కిలి పొట్టివాడు, ఒడలెల్ల రోమములు కలవాడు, రోమములే లేనివాడు, మిక్కిలి నల్లనివాడు, మిక్కిలి తెల్లనివాడు, అతిస్థూలుడు, అతికృశుడు. ఈ పట్టికను చదువునపుడు అందు దోషి యనదగినవాడొక్కడును కనబడడు. నల్లనగుట, తెల్లనగుట, పొట్టియగుట ఎవని చేతిలోని పని? నింద లోకమునది, వైద్యుడు దానిని నమోదు చేసినాడు. పిమ్మట స్థూలకృశులిద్దరికి చికిత్స అవసరమని వేరుచేసి, స్థూలతకు ఆయుర్హాని, అత్యాకలి, చెమట, దౌర్బల్యము మున్నగు ఎనిమిది బాధలను చెప్పినాడు. కారణములలో అతిభోజనము, పగటినిద్ర, వ్యాయామలోపముతోపాటు బీజస్వభావమును, అనగా వంశమునుండి వచ్చు స్వభావమును, పేర్కొనుట మఱువలేదు.

ఈ చివరి మాటను లోకము మఱచినది. 1986లో స్టంకర్డు మున్నగు పరిశోధకులు డెన్మార్కు దేశమున దత్తతకు పోయిన 540 మందిని పరీక్షించి, వారి దేహస్థూలత పెంచినవారిని కాక కన్నవారిని పోలియున్నదని చూపిరి. 1994లో న్యూయార్కు రాక్‌ఫెల్లరు విశ్వవిద్యాలయమున ఫ్రీడ్మను బృందము లెప్టిన్ అను హార్మోనును కనుగొన్నది. ఒడలి క్రొవ్వు తానే మెదడునకు ఆకలిని గూర్చి వార్త పంపుచుండునని తేలినది. 2025లో మన దేశపు విపణికి వచ్చిన టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ అను బరువు తగ్గించు మందులు ఆకలిని తెలుపు హార్మోనుల త్రోవలోనే పనిచేయును. వారమునకొక సూదిమందుతో ఆకలి తగ్గినవానికి సంకల్పబలము సూదిద్వారా ఎక్కినదని ఎవ్వడును అనజాలడు. అట్లని తినుట, కదలుట అప్రధానములని కాదు. వానితోపాటు వ్యక్తి ఎన్నుకొనని కారణములు కూడ కలవని మాత్రమే దీని తాత్పర్యము.

ఇక తూనికను గూర్చి కొంత చెప్పవలెను. హాలెండున ఔదెవాటర్ అను చిన్నపట్టణములో ఒక పాత తూనికశాల కలదు. మంత్రగత్తె చీపురుకట్టపై ఎగురవలెను గనుక ఆమెకు బరువుండదని ఆ కాలపు నమ్మకము. అనుమానింపబడినవారు దూరప్రాంతములనుండి వచ్చి ఇచ్చట తూగి, తమ బరువు దేహమునకు తగినదని ధ్రువపత్రము పొంది, ప్రాణములు దక్కించుకొని పోవుచుండిరి. ఈ అధికారమును 1545లో అయిదవ చార్లెసు చక్రవర్తి ఇచ్చెనని సంప్రదాయము. ఆ త్రాసుపై ఒక్కరును దోషిగ తేలలేదట. బరువు తక్కువగుట ప్రాణాపాయమైన కాలమున నిజాయితీ గల ఒక త్రాసు మనుష్యులను కాపాడినది. మన దేశమున రైలుస్టేషనులలోను, సినిమాహాళ్లలోను రంగుదీపములు తిరుగు తూనికయంత్రములుండెడివి. నాణెము వేసినచో అట్టముక్క పడెడిది. దానిపై ఒకవైపు బరువు, ఒకవైపు జాతకము. బిడ్డలు జాతకము కొఱకే ఎక్కెడివారు. ఆ అట్టముక్కలోని అంకె ఎవరికిని సిగ్గు కలిగించినట్లు మేమెఱుగము.

అంకె సిగ్గగుటకు వెనుక వేరొక చరిత్ర కలదు. బెల్జియము దేశపు ఖగోళశాస్త్రజ్ఞుడు కెట్లే 1832 ప్రాంతమున మనుష్యుల బరువును ఎత్తు వర్గముతో భాగించి చూచినాడు. ఆయన వెదకినది సగటుమనిషిని, రోగిని కాదు. భీమాసంస్థలు తమ లాభనష్టముల లెక్కకై బరువుపట్టికలు వేసికొనెను. 1972లో ఆన్సెల్ కీస్ కెట్లే సూత్రమునకు దేహద్రవ్యసూచి యని నేటి పేరు పెట్టినాడు. 1998లో అమెరికాలో అధికభారపు హద్దును 25కు దించినపుడు రెండు కోట్లకు పైబడిన జనులు ఒక్క గ్రాము పెరుగకయే అధికభారులైరి. మన దేశమున 2009లో వైద్యనిపుణులు హద్దులను ఇంకను దించి 23 వద్ద అధికభారము, 25 వద్ద స్థూలకాయము అని నిర్ణయించిరి. దీనికి గట్టి శాస్త్రకారణమే కలదు. పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యూడ్కిన్ 2004లో తమ ఇద్దరి చిత్రమునే ప్రకటించిరి: ఇద్దరికిని సూచి 22.3 మాత్రమే; కాని భారతీయునిలో క్రొవ్వు నూటికి 21.2 పాళ్లు, ఆంగ్లేయునిలో 9.1. చూపునకు సన్నగ నున్నవాడే లోపల లావు. ఈ చిత్రము కంటితో తీర్పు చెప్పువారందరికిని ఒక పాఠము కావలసినది.

ఇప్పుడు ఖాజాగూడకు వత్తము. రాయదుర్గము, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, మణికొండల నడుమ నున్న ఈ గూడెము నిన్న మొన్నటి దాక గుట్టలకు, పెద్దచెరువునకు పేరు పొందినది. ఇచ్చటి నల్లఱాతి గుండ్లు 250 కోట్ల సంవత్సరములనాటివి. గుట్టపై ఫక్రుద్దీన్ ఔలియా దర్గాయు, అనంతపద్మనాభస్వామి ఆలయమును కలవు. ఆ ఔలియా బహమనీరాజ్యస్థాపకునకు గురువని స్థానికుల విశ్వాసము. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఒక తరము గడువకముందే చుట్టుప్రక్కల గ్రామముల బ్రతుకు తలక్రిందులైనది. పొలము దున్నిన, గొఱ్ఱెలు కాచిన, ఱాయి కొట్టిన నేలపై నేడు లక్షలమంది కుర్చీలలో కూర్చుండి జీవనము చేయుచున్నారు. వారిలో పలువురు అమెరికా గడియారము ననుసరించి మేల్కొందురు. ఆకలి వేసినపుడు అన్నము ద్విచక్రవాహనముపై గుమ్మము కడకు వచ్చును. ఖాజాగూడనుండి ఏ దిక్కునకు పోయినను బిర్యానిశాల, దాని ప్రక్కన వ్యాయామశాల, దానిపై అంతస్తున బరువు తగ్గించు కేంద్రము కనబడుచుండును. ఒకే కట్టడమున రోగమును, పరిహారమును అద్దెకు దిగినవి.

ఈ గూడెమునకు పొరుగుననే ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయమువారును, ఒక వైద్యసంస్థవారును కలిసి ఈ నగరపు సాంకేతికోద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ఫలితములను ప్రకటించిరి. నూటికి 84 మందికి కాలేయమున క్రొవ్వు చేరినది. నూటికి 71 మంది స్థూలకాయులు. పరీక్షితుల సంఖ్య చిన్నది గనుక నగరమంతటికిని దీనిని అన్వయింపరాదు. కాని ఆ రెండు అంకెల నడుమ భేదమును గమనింపుడు. కాలేయమున క్రొవ్వు చేరినవారిలో నూటికి పదిమందికి మించి స్థూలకాయుల లెక్కకే రారు. కారణము ఊరంతటిది, కుర్చీది, రాత్రిపాళిది. రోగము ఇంచుమించు అందరిది. వేలు చూపబడునది మాత్రము పైకి కనబడు దేహము కలవానివైపు. సన్ననివాడు తన కాలేయమును చొక్కాక్రింద దాచుకొని ప్రక్కవానిని మందలించుచుండును.

ఈ స్థితికిని బాణామతికిని గల పోలికను ఇప్పుడు చెప్పవచ్చును. ఖాజాగూడకు వాయవ్యమున నున్న రామచంద్రాపురము, పటాన్‌చెరువు 2016 నాటి జిల్లాల పునర్విభజన దాక మెదకు జిల్లాలోనివి. ఆ జిల్లాలోనే 1980లలో బాణామతి భయము ఊళ్లకు ఊళ్లను పట్టినది. స్త్రీలు కుక్కలవలె మొఱిగిరి. ఒడళ్లపై మచ్చలు లేచెను. విజయవాడ నాస్తికకేంద్రమువారు వైద్యులతో కూడి ఆ గ్రామములలో తిరిగి, దానిలో మనోవ్యాధి ఎంత, భయమెంత, పగ ఎంత అని జనులకు వివరించుటకు పాటుపడిరి. అట్టి ఊరిలో వ్యవహారము జరుగు తీరు ఇది. ఊరికి ఏదో కీడు వచ్చినది. కారణము తెలియదు, తెలిసినను అది అందని చోట నున్నది. అంతట గుర్తు పట్టదగిన ఒక మనిషి కావలెను. ఒంటరి ముసలిది, వితంతువు, ఎవరితోను పొత్తులేనివాడు దొరకును. నీవు చేయలేదా యన్నచో చేయలేదనుట దోషమునకే సాక్ష్యము. చేసినవారందరు అట్లే అందురు గదా! పిదప భూతవైద్యుడు వచ్చును. అతని చికిత్స ఫలించినచో కీర్తి అతనిది. ఫలింపనిచో లోపము రోగి భక్తిలోనిది.

స్థూలకాయుని విచారణ కూడ ఇట్లే సాగును. నేను అధికముగ తినుట లేదని చెప్పినచో వినువారు చిఱునవ్వు నవ్వుదురు. దాచి తినునని వారి నిశ్చయము. నిజముగనే పది కిలోలు తగ్గి మరల పెరిగినచో అది దేహధర్మమని ఎవ్వరును అనరు, శ్రద్ధ లేదందురు. కేంద్రమువారు రుసుము తిరిగి ఈయరు. సద్వైద్యులను మేమిందు కలుపుట లేదని వేరుగ చెప్పనక్కఱలేదు. ఈ రంగమున మంత్రవైద్యమునకు దగ్గఱి వ్యాపారము కలదని మన శాసనకర్తలే పూర్వము గుర్తించిరి. 1954 నాటి ఔషధముల, మాంత్రికచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టము తాయెత్తులను, మంత్రములను, కవచములను మాంత్రికచికిత్సలుగ నిర్వచించినది. ఏయే రోగములను కుదుర్తుమని మందులకును, మంత్రములకును ప్రకటనలు చేయరాదో తెలుపు పట్టికలో స్థూలకాయమును చేర్చినది. తాయెత్తును, బరువును ఒకే శాసనమున నిలిపిన ఆ పట్టికను చూచినపుడు మా పోలిక కేవలము కవిసమయము కాదని మాకు నమ్మకము కలిగినది.

భేదములను కూడ దాచరాదు. చేతబడి అబద్ధము, అట్టి శక్తి ఎవరికిని లేదు. స్థూలతవలన మధుమేహము, హృద్రోగము హెచ్చుట నిజము. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో పదునైదునుండి నలువదితొమ్మిదేండ్ల స్త్రీలలో అధికభారము గలవారు తెలంగాణమున నూటికి 30, ఆంధ్రప్రదేశమున 36గ తేలిరి. దీనిని లోకుల అపోహ యని త్రోసిపుచ్చువాడు రోగికి మేలు చేయడు. కాని రోగము నిజమైనంత మాత్రమున నేరము నిజము కాదు. క్షయరోగిని ఊరివెలుపల ఉంచిన కాలమున క్షయయు నిజమే. 2025 జనవరిలో లాన్సెట్ పత్రికాపక్షమున కూడిన అంతర్జాతీయ వైద్యమండలి, స్థూలకాయము వలన అవయవములకు హాని కలిగిన స్థితిని, ఇంకను కలుగని స్థితిని వేరుపఱచి, ఒక్క సూచిసంఖ్యతో తీర్పు చెప్పవలదని సూచించినది. వైద్యులు ఇన్నాళ్లకు వచ్చిన ఈ విచక్షణకు సంఘము ఎప్పుడు వచ్చునో చెప్పలేము.

నిందలో స్త్రీపురుషభేదము గాఢముగ కలదు. మన చలనచిత్రముల చరిత్రయే సాక్ష్యము. రేలంగి బొజ్జను జనులు ప్రేమించిరి. 1957 నాటి ‘మాయాబజార్’లో రంగారావు భారీవిగ్రహము ఘటోత్కచునికి ప్రాణము పోసినది. నటీమణికి ఆ హక్కు లేకపోయినది. 2001లో ‘నువ్వు నాకు నచ్చావ్’తో తెలుగువారికి పరిచితురాలైన ఆర్తీ అగర్వాల్ కొన్ని యేండ్ల పిదప ఒళ్లు చేసినదని పత్రికలవారు, ప్రేక్షకులు పదేపదే చెప్పుకొనిరి. 2015 జూన్ 6న ఆమె అమెరికాలోని న్యూజెర్సీలో ముప్పదియొకటవ యేట మరణించినది. అంతకు కొన్ని వారముల ముందు క్రొవ్వు తీయు శస్త్రచికిత్స చేయించుకొన్నదని వార్తలు తెలిపెను. ఆ చికిత్సకును మరణమునకును గల సంబంధమును నిర్ణయించుట మా పని కాదు. ముప్పదియొక్కేండ్ల స్త్రీ ఆ శస్త్రచికిత్సకు ఏల పోయినదో తెలిసికొనుటకు వైద్యపరీక్ష అక్కఱలేదు. అదే సంవత్సరము నవంబరులో ప్రకాశ్ కోవెలమూడి దర్శకత్వమున ‘సైజ్ జీరో’ విడుదలయినది. పెండ్లిచూపులలో లావను మాటతో తిరస్కరింపబడు యువతి కథ అది. బరువు తగ్గించు కేంద్రముల మోసము దాని వస్తువు. ఆ పాత్రకై అనుష్క నిజముగ బరువు పెరిగినది. పిమ్మట చాలకాలము పత్రికలు ఆ చిత్రమును గూర్చి వ్రాసినదానికంటె ఆమె పెరిగిన బరువు తగ్గినదా లేదా యని వ్రాసినదే హెచ్చు. నింద తన్ను విమర్శించిన చిత్రమును కూడ ఆహారముగ చేసికొన్నది.

భాషాపరిశోధకులకు ఖాజాగూడలో ఇంకొక పని మిగిలియున్నది. అచ్చటి మూలవాసులు స్థూలమైన దేహమును ‘దొడ్డు’ అందురు. తీరాంధ్రమునుండి వచ్చి స్థిరపడినవారు ‘లావు’ అందురు. కార్యాలయములలో ‘ఓవర్‌వెయిట్’ అందురు. మూడు మాటలును ఒకే బహుళాంతస్తు భవనమున వినబడుచున్నవి. వీనిలో దేనిని తమ బిడ్డలనుగూర్చి వాడుదురు, దేనిని పొరుగువారి బిడ్డలనుగూర్చి వాడుదురు, దేనిని వినినపుడు పిల్లలు ఏడ్చెదరు అను విషయములను పదసేకరణ చేయువారు పదములతోపాటు నమోదు చేయవలెను. తెలంగాణమున దొడ్డు, సన్నము అను జంటకు బియ్యముతోను గాఢసంబంధము కలదు. దొడ్డుబియ్యము పేదవాని కంచములోనిది, సన్నబియ్యము పెండ్లిపందిరిలోనిది. 2025 మార్చి 30న, ఉగాదినాడు, హుజూర్‌నగరమున ప్రభుత్వము చౌకధరల దుకాణములద్వారా సన్నబియ్యము పంచుటకు ఆరంభించినపుడు జనులు సంతోషించిరి. దొడ్డుబియ్యము అరుగదని, కోళ్లకు వేయుదుమని పూర్వము చెప్పిన ఇల్లాండ్రు ఇప్పుడు సంచులు పట్టుకొని వరుసలో నిలిచిరి.